పేరు లేని పుస్తకాలు, మంటల్లో ఉత్తరాలు: జేన్ ఆస్టెన్ జీవితం

1811 అక్టోబరు 30న లండన్‌లో ఒక నవల విడుదలైంది. దాని పేరు సెన్స్ అండ్ సెన్సిబిలిటీ. మూడు సంపుటాలు, వెల 15 షిల్లింగులు. రచయిత పేరు ఉండవలసిన చోట ఒక స్త్రీ రాసినదని మాత్రమే ఉంది. ఏ ఊరామె, ఎవరి బిడ్డ, వయసెంత అన్న వివరం ఏదీ లేదు.

సంతకం లేని ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఎవరి మీదో చాడీ చెప్పడానికో, ఎవరినో బెదిరించడానికో ఆకాశరామన్న పుట్టుకొస్తాడు. ఇక్కడ పేరు దాచుకున్న మనిషికి అలాంటి ఉద్దేశమేమీ లేదు. ఆమె ఒక పల్లెటూరి మతగురువు కూతురు, పెళ్లి కాని మనిషి, సొంత ఆదాయం లేని 35 ఏళ్ల జేన్ ఆస్టెన్.

ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థికి ఆమె పేరు ఎక్కడో ఒకచోట ఎదురుకాక తప్పదు. ఆమె కథ చెప్పినప్పుడల్లా మా పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. అంత బాగా రాసిన మనిషి పేరెందుకు దాచుకుంది? ఆమె రాసిన ఉత్తరాలను సొంత అక్కే ఎందుకు కాల్చేసింది? ఈ రెండు ప్రశ్నలనూ దగ్గర పెట్టుకుని ఆమె జీవితాన్ని చెప్పుకుందాం.

పుస్తకాల ఇల్లు

జేన్ 1775 డిసెంబరు 16న దక్షిణ ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్ జిల్లా స్టీవెంటన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి జార్జ్ ఆస్టెన్ ఆ ఊరి చర్చి గురువు. తల్లి పేరు కసాండ్రా. వాళ్లకు ఎనిమిది మంది పిల్లలు, ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. జేన్ ఏడో సంతానం. ఐదుగురు అన్నలు, ఒక అక్క, ఒక తమ్ముడు. అక్కకు తల్లి పేరే పెట్టారు. ఈ అక్క కసాండ్రాయే జేన్‌కు జీవితాంతం ప్రాణస్నేహితురాలు.

చర్చి జీతం ఇంతమందికి చాలేది కాదు. అందుకని తండ్రి పొలం చేయించేవారు, ఇంట్లోనే మగపిల్లలకు భోజనం, వసతి ఇచ్చి చదువు చెప్పేవారు. ఒక విధంగా జేన్ పుట్టింది బడిలోనే అనుకోవచ్చు. అయితే ఆమె సొంత బడి చదువు చాలా కొద్దిది. ఏడేళ్ల వయసులో అక్కతో కలిసి చదువుకు పంపితే, సౌతాంప్టన్‌లో విషజ్వరం సోకి దాదాపు ప్రాణం మీదికి వచ్చింది. తర్వాత రెడింగ్ పట్టణంలోని ఆడపిల్లల బడిలో కొన్నాళ్లు చదివింది. 1786తో అదీ ఆగిపోయింది. అప్పటికి ఆమెకు ఇంకా 11 ఏళ్లు.

అక్కడి నుంచి ఆమె బడి తండ్రి పుస్తకాల గదే. అందులో 500కు పైగా పుస్తకాలుండేవి. ఆడపిల్ల ఇది చదవాలి, ఇది చదవకూడదు అని ఆయన ఆంక్షలు పెట్టలేదు. ఆ రోజుల్లో కాగితం ఖరీదైన వస్తువు. అయినా కూతురికి రాసుకోవడానికి నోటుపుస్తకాలు తెచ్చి ఇచ్చారు. 1787 నుంచి 1793 వరకు, అంటే 11వ ఏట నుంచి 17వ ఏట వరకు, జేన్ రాసిన సరదా కథలు, నాటికలు, వెక్కిరింతలు మూడు నోటుపుస్తకాల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1791లో ఇంగ్లండు చరిత్రను ఎగతాళి చేస్తూ ఒక చిన్న పుస్తకం రాస్తే అక్క దానికి రాజుల బొమ్మలు వేసింది.

కడలూరు నుంచి మొదలైన చుట్టరికం

ఈ కుటుంబానికి మన దేశంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియాకు తల్లీ తండ్రీ చిన్నతనంలోనే పోయారు. కట్నం ఇచ్చే దిక్కు లేదు. ఇంగ్లండులో పెళ్లి కావడం కష్టమని 1752లో ఓడ ఎక్కి మద్రాసు వచ్చింది. ఆ కాలంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను పెళ్లి చేసుకోవడానికి అలా వచ్చే ఆడపిల్లలు ఉండేవారు. మరుసటి ఏడే కడలూరులో కంపెనీ వైద్యుడు టైసో సాల్ హాన్‌కాక్‌తో ఆమెకు పెళ్లయింది. కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోట తమిళనాడులోని మన పాఠకులకు తెలిసినదే. తర్వాత ఆ దంపతులు కలకత్తా వెళ్లారు. 1761లో అక్కడ వాళ్లకు ఎలైజా పుట్టింది.

ఎలైజా పెద్దదై ఒక ఫ్రెంచి దొరను పెళ్లాడింది. ఫ్రెంచి విప్లవంలో 1794లో ఆయన తల నరికారు. వితంతువైన ఎలైజాను జేన్ అన్న హెన్రీ 1797లో పెళ్లి చేసుకున్నాడు. మన లెక్కలో అది మేనరికమే. మేనత్త కూతురు కాబట్టి ఎలైజా జేన్‌కు వరసకు ముందే వదిన, పెళ్లితో మళ్లీ వదిన అయింది. ఆమె తెచ్చే లోకం కబుర్లు, ఇంట్లో ఆడించే నాటకాలు చిన్న జేన్ మీద బాగా పనిచేశాయి. దిక్కులేని ఆడపిల్ల పెళ్లి కోసం సముద్రాలు దాటవలసి వచ్చిన కథ కూడా ఆమె మనసులో నిలిచిపోయింది. ఆమె నవలలన్నిటి కింద ఉన్న ప్రశ్న ఇదే. ఆస్తి లేని ఆడపిల్ల గతేమిటి?

ఉత్తరమే కథ

ఆ కాలపు తపాలా పద్ధతి తెలిస్తేనే జేన్ కథలు అర్థమవుతాయి. ఉత్తరం ఖర్చు పంపినవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు కట్టాలి. మన పెద్దలు బేరింగు ఉత్తరం అనేవారే, అప్పటి ఉత్తరాల్లో ఎక్కువ భాగం అలాంటివే. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ధర పెరిగేది. అందుకని ఒకే కాగితం నిండా చిన్న అక్షరాలతో రాసి, చోటు చాలకపోతే కాగితాన్ని తిప్పి ఆ గీతల మీదుగానే అడ్డంగా మళ్లీ రాసేవారు. కవరు వాడితే అది ఇంకో కాగితం కింద లెక్క. కాబట్టి కాగితాన్నే మడిచి అంటించి పైన చిరునామా రాసేవారు.

దీనికి తోడు ఒక కట్టుబాటు ఉండేది. పెళ్లి కాని అమ్మాయి, అబ్బాయి ఉత్తరాలు రాసుకోవాలంటే వాళ్లకు పెళ్లి నిశ్చయమై ఉండాలి. లేకపోతే అమ్మాయి పరువు పోయినట్టే. అందుకే ఆ కాలపు కథల్లో చాటుగా చేతులు మారే ఒక్క ఉత్తరం ఎంతో ప్రమాదం, ఎంతో ఆశ.

ఆ రోజుల్లో నవలలు కూడా ఉత్తరాల రూపంలో ఎక్కువగా వచ్చేవి. ఫ్యానీ బర్నీ రాసిన ఎవెలీనా అలాంటిదే. 1778లో అది కూడా రచయిత్రి పేరు లేకుండానే వచ్చింది. జేన్ మొదట్లో ఆ దారినే నడిచింది. 1790లో రాసిన ఒక పరిహాస కథ, 1794 ప్రాంతంలో రాసిన లేడీ సుసాన్ రెండూ ఉత్తరాలే. లేడీ సుసాన్‌లో ఒకే మనిషి ఒకరికి తీయగా, ఇంకొకరికి నిజంగా రాస్తుంది. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన చదివితే ఆమె కపటం మనకు తెలిసిపోతుంది. రచయిత్రి మధ్యలోకి వచ్చి ఆమె చెడ్డదని చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత రాసిన ఎలినార్ అండ్ మేరియాన్ కూడా తొలి రూపంలో ఉత్తరాల కథేనని కుటుంబసభ్యులు చెప్పుకునేవారు. అదే తిరగరాతలో సెన్స్ అండ్ సెన్సిబిలిటీ అయింది.

తిరుగు టపాలో వచ్చిన జవాబు

1796 అక్టోబరులో మొదలుపెట్టి 1797 ఆగస్టుకు ఫస్ట్ ఇంప్రెషన్స్ అనే నవల పూర్తి చేసింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. ఇంటిల్లిపాదికీ అది బాగా నచ్చింది. నవంబరు 1న తండ్రి లండన్‌లోని కేడెల్ అనే ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. తన దగ్గర ఒక నవల ఉందని, నిడివిలో ఎవెలీనా అంత ఉంటుందని చెప్పి, అచ్చు ఖర్చు ఎంతవుతుందో అడిగారు. ఎవరు రాశారో చెప్పలేదు. కేడెల్ నవల తెప్పించుకుని చూడను కూడా లేదు. తిరుగు టపాలోనే వద్దని కబురు పంపాడు.

ఆ నవలే 16 ఏళ్ల తర్వాత ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ పేరుతో వచ్చి, నేటికీ లోకమంతా చదివే పుస్తకమైంది.

మనసు, మనుగడ

జేన్ ఉత్తరాల్లో మనకు మిగిలిన మొట్టమొదటిది 1796 జనవరి నాటిది. అందులో టామ్ లెఫ్రాయ్ అనే ఐర్లండు యువకుడితో నాట్యాల్లో కలిసి తిరిగిన సంగతి అక్కకు నవ్వుతూ రాసింది. అతడికీ ఆస్తి లేదు, ఆమెకూ లేదు. కొద్ది రోజుల్లోనే అతడు వెళ్లిపోయాడు. తర్వాతి కాలంలో ఐర్లండు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. అక్క కసాండ్రాకు పెళ్లి నిశ్చయమైంది గానీ, ఆ వరుడు వెస్టిండీస్ వెళ్లి 1797లో పచ్చజ్వరంతో చనిపోయాడు. ఆమె మళ్లీ పెళ్లి మాట తలపెట్టలేదు.

1802 డిసెంబరు 2న హారిస్ బిగ్ విదర్ అనే సంపన్నుడు జేన్‌ను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. పెద్ద ఎస్టేటుకు వారసుడు. ఒప్పుకుంటే ఆమెకే కాదు, తల్లికీ అక్కకూ కూడా నీడ దొరుకుతుంది. ఆ సాయంత్రం సరేనంది. తెల్లవారేసరికి మనసు మార్చుకుని, కాదని చెప్పి ఆ ఇంటి నుంచి వచ్చేసింది. ఆ ఒక్క రాత్రి ఆమె ఏమేం ఆలోచించిందో చెప్పే ఉత్తరం ఏదీ మనకు మిగల్లేదు. డబ్బు లేని పెళ్లి కష్టం, ప్రేమ లేని పెళ్లి అంతకన్నా కష్టం అన్న సంగతిని మాత్రం ఆమె నవలల్లోని అమ్మాయిలు మళ్లీ మళ్లీ తూకం వేసి చూస్తారు.

1801లోనే తండ్రి ఉద్యోగం పెద్దకొడుక్కి అప్పగించి భార్యనూ కూతుళ్లనూ తీసుకుని బాత్ నగరానికి మారారు. 1805 జనవరి 21న ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయనతో పాటే ఆయన రాబడీ పోయింది. తల్లి, ఇద్దరు కూతుళ్లు అన్నదమ్ముల చేతివైపు చూడవలసి వచ్చింది. ఎడ్వర్డ్ ఏటా 100 పౌండ్లు, జేమ్స్, హెన్రీ, ఫ్రాన్సిస్ తలా 50 పౌండ్లు ఇస్తామన్నారు. అన్నలు మంచివాళ్లే. కానీ తన పేరున ఒక్క పౌండు రాబడి లేని మనిషికి ఆ చేయి చాపడం ఎలా ఉంటుందో మన ఇళ్లలోని ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

పది పౌండ్ల నవల

1803లో జేన్ నవల ఒకటి మొదటిసారి అమ్ముడుపోయింది. క్రాస్బీ అనే ప్రచురణకర్త సుసాన్ అనే నవలను 10 పౌండ్లకు కొన్నాడు. త్వరలో వస్తుందని ప్రకటన కూడా వేశాడు. కానీ అచ్చు వేయలేదు. ఆరేళ్లు గడిచాయి. 1809 ఏప్రిల్లో ఆమె అతడికి ఉత్తరం రాసింది, సొంత పేరుతో కాదు. మిసెస్ ఆష్టన్ డెనిస్ అని ఒక లేని మనిషిని పుట్టించి, ఆ పేరుతో రాసింది. రాతప్రతి పోయిందేమో, పోతే ఇంకో ప్రతి పంపుతాను, మీరు వేయకపోతే ఇంకొకరి దగ్గర వేయించుకుంటాను అన్నది సారాంశం. ఆ మారుపేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో కోపం అనే అర్థం వచ్చే మాట అవుతుంది.

క్రాస్బీ జవాబు కరకుగా వచ్చింది. వేస్తామని గడువేదీ పెట్టలేదని, ఇంకెక్కడైనా అచ్చయితే చర్య తీసుకుంటామని, కావాలంటే అదే 10 పౌండ్లు కట్టి తీసుకోవచ్చని. ఆ రోజు ఆమె దగ్గర ఆ డబ్బు పెట్టే స్తోమత లేదు. నవల మరో ఏడేళ్లు అక్కడే పడి ఉంది. 1816లో హెన్రీ వెళ్లి 10 పౌండ్లూ కట్టి దాన్ని విడిపించాడు. డబ్బు చేతులు మారాక, ఇది ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ రాసినామెదేనని చెప్పాడట. ఆ పేరు లేకపోవడమే ఆ బేరంలో కలిసొచ్చింది.

కిర్రుమనే తలుపు

1809 జూలైలో ఎడ్వర్డ్ తన ఎస్టేటులోని చాటన్ అనే ఊళ్లో తల్లికీ చెల్లెళ్లకూ ఒక ఇల్లు ఇచ్చాడు. చిన్నప్పుడే సంతానం లేని సంపన్న బంధువులకు దత్తత వెళ్లి, వాళ్ల ఆస్తికి వారసుడైన అన్న ఇతడు. నెలల తరబడి ఒక చోట కుదురుగా ఉండే వీలు జేన్‌కు మళ్లీ దొరికింది. ఇంటి పని తల్లి, అక్క, వాళ్లతో ఉంటున్న స్నేహితురాలు మార్తా లాయిడ్ పంచుకున్నారు. పొద్దున ఫలహారం సిద్ధం చేయడం, టీ, చక్కెర డబ్బాల తాళం చూసుకోవడం మాత్రం జేన్ వంతు.

కిటికీ పక్కన ఒక చిన్న బల్ల మీద చిన్న చిన్న కాగితాలు పెట్టుకుని రాసేది. ఆ గదికి వచ్చే దారిలో ఒక తలుపు కిర్రుమనేది. దాన్ని బాగు చేయించవద్దని ఆమె చెప్పిందని మేనల్లుడు తర్వాత రాశాడు. ఎవరైనా వస్తుంటే ఆ చప్పుడే హెచ్చరిక. ఆ లోపు కాగితాలు దాచేయవచ్చు. పనివాళ్లకు గానీ వచ్చిపోయే చుట్టాలకు గానీ ఆమె ఏం రాస్తోందో తెలియకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పేరెందుకు దాచుకుంది? ఆ కాలంలో నవలలు పేరు లేకుండా రావడం మామూలే. మగవాళ్లూ అలా రాసేవారు. వాల్టర్ స్కాట్ 1814లో వేవర్లీని పేరు లేకుండానే వేశాడు. కానీ ఆడవాళ్లకు ఇంకొక బరువుండేది. మర్యాదస్తుల ఇంటి ఆడది డబ్బు కోసం రాస్తుందంటే చిన్నచూపు. పేరు బయటపడితే ఊళ్లో ప్రతివాళ్లూ పాత్రల్లో తమను వెతుక్కుంటారు. పేరు లేకపోతే ఆమె ఎప్పటిలాగే పదిమందిలో కూర్చుని వాళ్ల మాటలు వినవచ్చు. మాకు అనిపించేదేమంటే, ఆ మౌనం ఆమెకు సంకెలా, కవచమూ కూడా.

సెన్స్ అండ్ సెన్సిబిలిటీని ఎగర్టన్ అనే ప్రచురణకర్త వేశాడు. ఖర్చు రచయితదే, నష్టం వస్తే ఆమే భరించాలి. నష్టం రాలేదు. 1813 జూలై నాటికి ప్రతులన్నీ అమ్ముడై ఆమెకు 140 పౌండ్ల లాభం వచ్చింది. ఈలోగా ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ హక్కులను 110 పౌండ్లకు అదే ప్రచురణకర్తకు అమ్మేసింది. 1813 జనవరి 28న అది వచ్చింది. ఈసారి కూడా పేరు లేదు, సెన్స్ అండ్ సెన్సిబిలిటీ రాసినామె అని మాత్రమే ఉంది. ఆ నవల ఎన్నిసార్లు అచ్చయినా ఆమెకు మళ్లీ ఒక్క పెన్నీ రాలేదు.

గుట్టు రట్టు

ఆ పుస్తకం మొదటి ప్రతి చాటన్ చేరిన రోజు రాత్రి పొరుగున ఉండే మిస్ బెన్ భోజనానికి వచ్చింది. హెన్రీ పంపిన కొత్త నవల అని చెప్పి తల్లీ కూతురూ ఆమెకు మొదటి సంపుటంలో సగం చదివి వినిపించారు. ఎలిజబెత్ పాత్ర ఆమెకు బాగా నచ్చింది. రాసిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉందని ఆమెకు అనుమానం కూడా రాలేదు. మరుసటి సాయంత్రాల్లో తల్లి చదివిన తీరు మాత్రం జేన్‌కు నచ్చలేదు. పాత్రలు మాట్లాడవలసినట్టు కాక గబగబా చదివేస్తోందని అక్కకు ఉత్తరంలో చెప్పుకుంది.

గుట్టును నిలబెట్టలేకపోయింది అన్న హెన్రీయే. ఎవరైనా ఆ నవలను మెచ్చుకుంటే చాలు, ఇది మా చెల్లెలే రాసిందని చెప్పేసేవాడు. స్కాట్లండులోనూ అలాగే చేశాడు. 1813 సెప్టెంబరులో జేన్ మరో అన్న, నౌకాదళంలో ఉన్న ఫ్రాన్సిస్‌కు రాస్తూ, ఇక దాచడానికి మిగిలిందేమీ లేదని, తర్వాతి పుస్తకం నాటికి అబద్ధాలాడననీ, దాపరికం కన్నా డబ్బు మీదే దృష్టి పెడతాననీ నవ్వుతూ ఒప్పుకుంది.

1814లో మాన్స్‌ఫీల్డ్ పార్క్ వచ్చింది. 1815 నవంబరులో యువరాజు గ్రంథాలయాధికారి ఆమెను లండన్‌లోని కార్ల్‌టన్ భవనానికి పిలిచి, రాబోయే నవలను యువరాజుకు అంకితమివ్వవచ్చని సూచించాడు. రాజు మూడవ జార్జికి మతి చలించడంతో 1811 నుంచి కొడుకు రాజప్రతినిధిగా పాలిస్తున్నాడు. ఆ కాలాన్నే రీజెన్సీ అంటారు. ఆ యువరాజు భార్య పట్ల నడుచుకున్న తీరు జేన్‌కు ఎంతమాత్రం గిట్టేది కాదు. అయినా కాదనగలిగే సూచన కాదది. ఎమ్మా ఆయనకు అంకితమైంది, అంకితంలో కూడా రచయిత్రి పేరు లేదు. ఆ నవల మీద ఒక పత్రికలో వచ్చిన గొప్ప సమీక్ష వాల్టర్ స్కాట్ రాసినదే. దాని కిందా పేరు లేదు. పేరు లేని రచయిత్రిని పేరు లేని రచయిత మెచ్చుకున్నాడన్నమాట.

నవలల్లో చాటు ఉత్తరాలు

ఉత్తరాల రూపాన్ని వదిలేసినా జేన్ ఉత్తరాన్ని వదల్లేదు. సెన్స్ అండ్ సెన్సిబిలిటీలో మేరియాన్ విలోబీకి ఉత్తరాలు రాస్తుంటే, వాళ్లకు పెళ్లి నిశ్చయమైందనే అక్క అనుకుంటుంది. నిశ్చయం కాలేదని తెలిసినప్పుడు ఆ ఉత్తరాలే మేరియాన్‌కు అవమానమవుతాయి. ఎమ్మాలో జేన్ ఫెయిర్‌ఫాక్స్ అనే పేద అమ్మాయికి ఎవరు పంపారో తెలియని పియానో ఒకటి వస్తుంది. ఊరంతా ఊహాగానాలే. ఆమె మాత్రం వానలో తడుస్తూ కూడా తపాలా ఇంటికి తానే నడిచి వెళ్తుంది. ఎందుకో చివరకు గానీ తెలియదు. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో కథ మలుపు తిరిగేది డార్సీ ఇచ్చిన ఉత్తరంతోనే. తనను తిరస్కరించిన అమ్మాయి చేతికి మర్నాడు పొద్దున ఒక ఉత్తరం ఇచ్చి వెళ్లిపోతాడు. ఎలిజబెత్ దాన్ని మొదట కోపంతో చదువుతుంది. రెండోసారి చదివేసరికి తన తప్పు తనకు కనబడుతుంది. మనుషుల ముఖాలు చూసి కట్టుకున్న అభిప్రాయాన్ని ఒక కాగితం కూల్చేస్తుంది.

అన్నిటికన్నా గొప్పది చివరి నవల పర్సుయేషన్‌లోని ఉత్తరం. 1816 జూలైలో ఆ నవల ముగించింది గానీ ముగింపు ఆమెకు తృప్తినివ్వలేదు. ఒంట్లో బాగుండకపోయినా మళ్లీ కూర్చుని ఆగస్టు నాటికి తిరగరాసింది. కొత్త ముగింపులో ఆన్ అనే అమ్మాయి ఒక స్నేహితుడితో వాదిస్తూ ఉంటుంది. ఆడవాళ్లు చంచలులని పుస్తకాలన్నీ చెబుతాయని అతడంటే, ఆ పుస్తకాలు రాసింది మగవాళ్లే కదా, కలం ఇన్నాళ్లూ వాళ్ల చేతుల్లోనే ఉందని ఆమె జవాబిస్తుంది. ఎనిమిదేళ్ల క్రితం ఆమెకు దూరమైన వెంట్‌వర్త్ పక్క బల్ల దగ్గర ఏదో రాసుకుంటూ ఆ మాటలు వింటాడు. అందరూ ఉండగానే ఆమెకో ఉత్తరం రాసి కాగితాల కింద దాచి వెళ్లిపోతాడు. చేతి తొడుగులు మరచిపోయానన్న నెపంతో తిరిగి వచ్చి, దాన్ని ఆమె ముందుకు జరిపి మాట్లాడకుండా వెళ్లిపోతాడు. పాత ముగింపు రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆమె పూర్తి చేసిన నవలల్లో సొంత చేతిరాతలో మిగిలినది ఆ భాగమే.

చివరి రోజులు

1816లో హెన్రీ బ్యాంకు దివాలా తీసింది. జేన్ ఆరోగ్యమూ ఆ ఏడాదే దెబ్బతినడం మొదలైంది. 1817 జనవరిలో కొత్త నవల మొదలుపెట్టి 12 అధ్యాయాలు రాసి మార్చి 18న ఆపేసింది. అదే శాండిటన్. ఏప్రిల్లో వీలునామా రాసి, ఉన్నదంతా దాదాపుగా అక్కకే వదిలింది. మే నెలలో వైద్యం కోసం వించెస్టర్ తీసుకెళ్లారు. చనిపోవడానికి మూడు రోజుల ముందు కూడా ఆ ఊరి గుర్రప్పందాల మీద ఒక హాస్య పద్యం చెప్పి రాయించింది. 1817 జూలై 18 తెల్లవారుజామున అక్క ఒళ్లో తల పెట్టుకుని కన్నుమూసింది. 41 ఏళ్లు. రాతల మీద జీవితమంతా సంపాదించింది 700 పౌండ్లకు లోపే.

వించెస్టర్ పెద్ద చర్చిలో ఖననం చేశారు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లే ఆచారం అక్కడా లేదు. ఊరేగింపు వీధి మలుపు తిరిగేదాకా కసాండ్రా ఇంటి నుంచి చూస్తూ నిలబడింది. సమాధి రాయి మీద ఆమె తండ్రి పేరుంది, మంచి గుణాలున్నాయి, తెలివితేటలున్నాయి. నవలల మాట లేదు. పుస్తకాల మీద పేరు లేదు, పేరున్న రాయి మీద పుస్తకాలు లేవు. ఆ ఏడాది డిసెంబరులో చివరి రెండు నవలలు అచ్చయినప్పుడు హెన్రీ ముందుమాట రాసి, వీటిని రాసింది తన చెల్లెలని లోకానికి చెప్పాడు. 10 పౌండ్లకు విడిపించిన నవల నార్తాంగర్ అబ్బే పేరుతో అప్పుడే వెలుగు చూసింది. నవలలు రాసిన మనిషని చెప్పే ఇత్తడి ఫలకం ఆ చర్చిలో 1872లో గానీ పెట్టలేదు.

అక్క చేసిన పని

ఇక రెండో ప్రశ్న. అక్కాచెల్లెళ్లు దూరంగా ఉన్నప్పుడల్లా ఉత్తరాలు రాసుకునేవారు. కసాండ్రా 1845లో చనిపోయింది. అంతకు రెండు మూడేళ్ల ముందు కూర్చుని చెల్లెలి ఉత్తరాల్లో చాలా భాగం కాల్చేసింది. కొన్నిటిలో ముక్కలు కత్తిరించి, మిగిలినవి మేనకోడళ్లకు పంచింది. ఫ్రాన్సిస్ దాచుకున్నవి ఆయన పోయాక కూతురు నాశనం చేసింది. అన్నీ కలిపి ఇప్పుడు మిగిలినవి సుమారు 160.

సాహిత్య పరిశోధకులు ఆ పనికి కసాండ్రాను చాలాకాలంగా తిడుతూనే ఉన్నారు. మేము అంత త్వరగా తిట్టలేం. ఆ ఉత్తరాలు లోకం కోసం రాసినవి కావు. బతికున్నవాళ్ల మీద చెణుకులు, ఇంటి డబ్బు బాధలు, ఒంటి బాధలు ఒకే ఒక్క మనిషిని నమ్మి రాసినవి. ఆ నమ్మకాన్ని కాపాడడం అక్కగా ఆమె ధర్మం. మనకు నష్టమైంది నిజమే. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉండే అమ్మమ్మల ఉత్తరాలను దాచాలా, చదవాలా, తీసేయాలా అన్నప్పుడు మనకూ ఇదే చిక్కు ఎదురవుతుంది.

1821లో పారిస్‌లో వచ్చిన పర్సుయేషన్ ఫ్రెంచి అనువాదం మీద మిస్ జేన్ ఆస్టెన్ అని పేరు అచ్చయింది. బతికుండగా సొంత భాషలో ఏ పుస్తకం మీదా కనబడని పేరు, చనిపోయిన నాలుగేళ్లకు పరాయి భాషలో కనబడింది. మన దక్షిణాది దాకా కూడా ఆమె కథ నడిచి వచ్చింది. సెన్స్ అండ్ సెన్సిబిలిటీ ఆధారంగా 2000లో తమిళంలో వచ్చిన సినిమా తెలుగులో ప్రియురాలు పిలిచింది పేరుతో మనవాళ్లు చూసినదే. 2017లో, ఆమె చనిపోయిన 200 ఏళ్లకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె బొమ్మతో నోటు విడుదల చేసింది. అది 10 పౌండ్ల నోటు.

తరగతిలో చేయించి చూడండి

పై తరగతుల ఉపాధ్యాయులకు ఒక సూచన. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ కథను తెలుగులో క్లుప్తంగా చెప్పండి. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఇచ్చి, ఆ పాత్ర తరఫున ఇంకో పాత్రకు ఒక ఉత్తరం రాయమనండి. కూతుళ్ల పెళ్లిళ్ల గురించి ఆరాటపడే తల్లి, తప్పు తెలుసుకున్న ఎలిజబెత్, మాట పెగలని డార్సీ, చెప్పకుండా వెళ్లిపోయిన చిన్న చెల్లెలు లిడియా. షరతు ఒకటే, కింద సంతకం ఉండకూడదు, పైన ఎవరికో ఉండకూడదు. ఉత్తరాలన్నీ కలిపేసి ఒక్కొక్కటే పైకి చదివించండి. ఎవరు ఎవరికి రాశారో మిగతావాళ్లు మాటతీరును బట్టి చెప్పాలి. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు కోలారు యాసలో మాట్లాడే ఎలిజబెత్ తల్లిని పుట్టించారు. ఆ ఉత్తరం ఎవరిదో పోల్చుకోవడానికి తరగతికి రెండో వాక్యం దాకా కూడా పట్టలేదు.